ఎర్రపండ్ల ఉత్తర్వు

ఆ ఏడాది పింఛన్ల నెల మొదలయ్యేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవి. రాళ్ళమడుగులో, పింఛన్ల కార్యాలయానికి ఎదురుగా ఒక పండ్ల అంగడి. అంగడిలో గడ్డి పరిచి పేర్చిన లారీడు కళింగర కాయలు. కోస్తావాళ్ళు వీటినే పుచ్చకాయలంటారు. అవి ఎండకు మెత్తబడకముందే అమ్ముకోవాలన్న తొందర. అంగడి వెనక మా నాయన కట్టించిన ఒక గోడ. వ్యాపారం చేసేవాడు ఉన్నదంతా రాసుకోవాలి కాబట్టి గోడను కూడా రాశాను.

చుట్టుపక్కల మండలాల్లో పింఛను తీసుకునే వాళ్ళందరూ మార్చి నెలలో ఈ కార్యాలయానికి వచ్చి, తాము బతికే ఉన్నామని చూపించుకోవాలి. మిగతా ఊళ్ళలో ఫోనులో ముఖం చూపిస్తే చాలునంటారు. మా కార్యాలయానికి మనిషే కావాలి. తెల్లవారకముందే వరుస మొదలవుతుంది. అయితే ఆ వరుసలో ఎక్కువగా ఉండేది మనుషులు కాదు, చెప్పులు. అరవై దాటిన మగవాడు గంటల తరబడి ఒకచోట నిలబడలేడు. మాటిమాటికీ పక్కకు పోయి రావలసి ఉంటుంది. అందుకని చెప్పులు వరుసలో వదిలి, కాలే నేల మీద గెంతుకుంటూ రోడ్డు దాటి, నా గోడ వెనక్కు చేరతారు. వదిలిన చెప్పులను ఎవరూ జరపరు. ఈ మర్యాద ఏ చట్టంలోనూ లేదు. అందుకే సక్రమంగా నడుస్తుంది.

కార్యాలయంలో మరుగుదొడ్డి లేదని కాదు. ఉంది. దానికి తాళమూ ఉంది. తలుపు మీద ‘అధికారుల వినియోగార్థము’ అని రాసి ఉంది.

చిక్కంతా పిలుపుల దగ్గర. గుమస్తా తిప్పేస్వామి మైకులో పేరు చదువుతాడు. ఆ క్షణాన మనిషి కిటికీ ముందుంటే బతికి ఉన్నట్టు. లేకపోతే పై వారం రెండో పిలుపు, ఆపై వారం మూడో పిలుపు. మూడింటికీ అందని వాడి పేరు ఎదుట ‘జీవించియున్నట్లు నిర్ధారణ కాలేదు’ అని రాసి పింఛను ఆపేస్తారు. చెప్పులు చూపిస్తే ఒప్పుకోరు.

నా స్నేహితుడు ఓబులేసు బస్సు కండక్టరుగా పనిచేసి దిగిపోయినవాడు. మొదటి పిలుపు వచ్చినప్పుడు అతను నా గోడ వెనక ఉన్నాడు. చెప్పులు చేతబట్టుకుని అంగడికి వచ్చి గోనెసంచి మీద కూలబడ్డాడు.

“ముప్పై ఏండ్లు కదిరి రూట్లో తిరిగినా పీరా. బస్సు ఆగేదాకా ఆపుకున్నోణ్ణి. ఈపొద్దు మైకు అరిచేంతసేపు ఆపుకోలేకపోతి.”

“రాత్రి ఎన్నిసార్లు లేస్తాండావు?”

“పండుకుంటే గదా లేచేది.”

“డాక్టరుకు చూపించినావా?”

“పింఛను పడితే చూపిస్తా. పింఛను పడాలంటే ఆపుకొని నిలబడాల. ఆపుకోవాలంటే డాక్టరుకు చూపించుకోవాల. ఈ బస్సు యాడ ఎక్కాలో, యాడ దిగాలో నువ్వే చెప్పు.”

అతనికి పింఛను తప్ప వేరే ఆధారం లేదు. ఇద్దరు మనుషుల కూడు, భార్య ఉబ్బసం మందులు అందులోంచే. నాకా, గోడ వెనక వాసన అంగడిలోకి వచ్చి దానిమ్మ పండ్లు కొనేవాళ్ళు ముక్కు మూసుకుంటున్నారు. ఇద్దరి అవసరం ఒకటే అయినప్పుడు ఒక అర్జీతో సరిపోతుంది. మరుగుదొడ్డి తాళం తీయమని రాసుకుని పోయాను.

అధికారి విరూపాక్షయ్య గారు ఆదివారం పత్రిక చదువుతున్నారు. అర్జీని రెండు వైపులా తిప్పి చూశారు.

“మీ విన్నపము సమంజసమే పీరా సాయిబు గారూ. కానీ మరుగుదొడ్డి అనునది పై పై విషయము. ఈ కార్యాలయము పై పై విషయముల జోలికి పోదు. మూలమునకు పోవును.”

“మూలం ఏంది సార్?”

“గ్రంథి,” అన్నారాయన, గొంతు తగ్గించి. పత్రిక నా వైపు తిప్పారు. ‘వయసు మీరిన మగవారిలో ప్రోస్టేట్ గ్రంథి ఆరోగ్యానికి దోహదపడే పండ్లు’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. కింద కళింగర, దానిమ్మ, పరంగి అనే బొప్పాయి, టమాటా, అన్నీ ఎర్రెర్రగా బొమ్మలు. కథనం రాసినాయన జాగ్రత్తపరుడు. ప్రతి పండు దగ్గరా ‘దోహదపడవచ్చు’ అనే రాశాడు. ఇబ్బంది ఉన్నవాళ్ళు వైద్యుణ్ణి కలవాలని చివర చిన్న అక్షరాల్లో కూడా పెట్టాడు.

“గ్రంథి బాగుపడినచో మరుగుదొడ్డి అవసరమే తగ్గును. అవసరము తగ్గినచో తాళము తీయనక్కరలేదు. తిప్పేస్వామీ, ఉత్తర్వు రాయుము.”

తిప్పేస్వామి రాశాడు. ఉత్తర్వులో అనుమానాలు ఉండకూడదని ‘దోహదపడవచ్చు’ను ‘దోహదపడవలెను’ చేశాడు. వైద్యుడి సంగతి చిన్న అక్షరాల్లో ఉంది కాబట్టి చిన్న విషయమని వదిలేశాడు. పింఛనుదారులందరూ వరుసలో చేరేముందు ఒక పళ్ళెం ఎర్రపండ్లు తినాలి. తిన్నట్టు వేలికి సిరా గుర్తు వేయించుకోవాలి. గుర్తు లేనివాళ్ళ పేరు పిలవబడదు.

“కాయలు మీరే సరఫరా చేయవలెను,” అన్నారు విరూపాక్షయ్య గారు.

నేను వ్యాపారస్థుణ్ణి. అయినా ఒక మాట చెప్పి చూశాను. “సార్, కళింగర ఎర్రగా ఉండేమాట నిజమే. దాంట్లో ఉండేదంతా నీళ్ళే. వీళ్ళకు వచ్చిన కష్టం నీళ్ళ కష్టమే.”

“నీరు ప్రాణాధారము. మనము నిర్ధారించునది కూడా ప్రాణమునే,” అన్నారాయన.

చెప్పవలసింది చెప్పాను. వినని వాడికి తూకం వేసి ఇవ్వడమే మిగిలింది.

పథకం మొదలైన రోజున కార్యాలయం ముందు షామియానా వేశారు. నేను కోస్తూ ఉన్నాను, వాళ్ళు తింటూ ఉన్నారు. ఎండలో చల్లటి కాయ, ఎవరు కాదంటారు? తిన్నవాళ్ళు తినగానే వేలికి గుర్తు వేయించుకుని వరుసలోకి పోయారు. కాసేపటికి వరుస మొత్తం చెప్పులే అయింది. నా గోడ దగ్గర చోటు చాలక అక్కడా ఒక వరుస కట్టారు. ఆ వరుసలో పెట్టడానికి చెప్పులు లేవు, అవి రోడ్డవతల ఉన్నాయి. తువ్వాళ్ళు పెట్టారు.

విరూపాక్షయ్య గారు కిటికీలోంచి చూశారు. “వరుసలో ఒక్కరును లేరు. రద్దీ సమూలముగా తగ్గినది,” అని తిప్పేస్వామితో రాయించారు. ఆ రోజు పిలుపులకు పలికినవాళ్ళు చాలా కొద్దిమంది. మిగతావాళ్ళకు మోతాదు చాలలేదని తేల్చి, పళ్ళేన్ని రెండు పళ్ళేలు చేశారు.

రెండో పిలుపు నాడు ఓబులేసు రెండు పళ్ళేలూ తిన్నాడు. తినకపోతే పేరు పిలవరు. తింటే పిలిచినప్పుడు ఉండలేడు. అతను రెండో తోవ ఎన్నుకున్నాడు. మైకులో పేరు వచ్చేసరికి గోడకు నుదురు ఆనించి నిలబడి ఉన్నాడు.

“పోయింది పీరా,” అన్నాడు వెనక్కు తిరగకుండానే. “ఇంక ఒక్క పిలుపే.”

ఆ వారమే దేవదానమ్మ టీచరు వచ్చింది. హెడ్మిస్ట్రెస్సుగా దిగిపోయిన మనిషి, మా ఊళ్ళో సగంమందికి చదువు చెప్పింది. తిప్పేస్వామి ఆమె ముందుకు రెండు పళ్ళేలు తోశాడు.

“ఏందిరా ఇది?”

“ప్రోస్టేట్ గ్రంథికమ్మా.”

“అది ఆడోళ్ళకు ఉండదు గదరా. నీకు సైన్సు చెప్పింది నేనే. ఆ పాఠం రోజు నువ్వు రాలా?”

“ఉత్తర్వులో పింఛనుదారులందరూ అని ఉందమ్మా. మినహాయింపు కావాలంటే లేదని డాక్టరు కాగితం తేవాల.”

ఆమె పట్టుదల మనిషి. పెద్దాసుపత్రికి పోయి, నవ్వాపుకోలేని డాక్టరు చేత ‘ఈమెకు ప్రోస్టేట్ గ్రంథి లేదు’ అని రాయించుకుని వచ్చింది. తిప్పేస్వామి కాగితం పైనుంచి కిందికి చదివాడు.

“లేదని ఉంది. ఎప్పుడు తీసేసినారో తేదీ లేదే?”

“తీసేసేదేందిరా, పుట్టినప్పటినుంచీ లేదు!”

“అయితే పుట్టిన తేదీ వేస్తా,” అని వేశాడు. “ఇది ఈ యేడాదికే చెల్లుతుందమ్మా. పై యేడు మళ్ళీ తేవాల.”

“పై యేటికి మొలుస్తుందనా?”

“పరిస్థితులు మారొచ్చు గదమ్మా.”

ఆమె నా అంగడికి వచ్చి మంచినీళ్ళు తాగింది. గోనెసంచి మీద కూర్చున్న ఓబులేసును ఎగాదిగా చూసింది. “ఏం కండక్టరూ, మనిషివి సగమైపోయినావు. ఇట్లాంటి కష్టమొస్తే పోవాల్సింది పండ్ల అంగడికి కాదు, డాక్టరు కాడికి. పీరా, నువ్వన్నా చెప్పలేవా?”

“చెప్పినా టీచరమ్మా. ముందు బతికుండాడని తేలాలంట.”

టమాటా దగ్గర పథకానికి ఒక అడ్డు వచ్చింది. మా వైపు ధర పడిపోయినప్పుడు టమాటాలను రోడ్డు మీద పారబోస్తారు, కాబట్టి కొరత లేదు. పత్రికలో దాన్ని పండ్లతో కలిపి వేశారు. మా మార్కెట్టులో అది కూరగాయల గేటులోంచి వస్తుంది. పండా, కూరగాయా అని పై అధికారులకు రాశారు. ‘తెలియవచ్చువరకు ఉదయము ఫలముగను, మధ్యాహ్నము నుండి కూరగాయగను పరిగణించవలెను’ అని జవాబు వచ్చింది. మధ్యాహ్నం టమాటా తిన్నవాళ్ళ వేలి గుర్తు చెల్లదని తిప్పేస్వామి వాళ్ళ వేళ్ళను కిరసనాయిలుతో తుడిపించాడు.

ఇంతలో రాజధాని నుంచి కమిషనరు గారు పథకాన్ని చూడడానికి వస్తున్నారని కబురు వచ్చింది. విరూపాక్షయ్య గారు అధికారులందరినీ, నన్నూ కూర్చోబెట్టి మాట్లాడారు.

“మన కార్యాలయములో గ్రంథి సమస్య తొంబది శాతము పరిష్కరింపబడినట్లు నివేదిక పంపితిమి. పరిష్కరింపబడిన సమస్యకు మరుగుదొడ్డి యొక్క ఆవశ్యకత ఏమి? అది ఉన్నంతవరకు పథకముపై మనకే నమ్మకము లేనట్లు.”

ఆ సాయంత్రమే మరుగుదొడ్డి తాళం తీశారు. నేను అర్జీ పెట్టింది దానికే కాబట్టి సంతోషించబోయాను. లోపలివన్నీ పెరికేసి, సున్నం కొట్టి, చెక్క అరలు బిగించారు. తలుపు మీద పాత అక్షరాలు చెరిపి ‘ఫలనిలయము’ అని రాశారు. నా కళింగర కాయలు అరల్లో సర్దించి మళ్ళీ తాళం వేశారు. ఈసారి పెద్ద తాళం.

కమిషనరు గారు వచ్చిన రోజే ఓబులేసు మూడో పిలుపు. అతను రాత్రి నుంచి నీళ్ళు కూడా ముట్టలేదు. పెదాలు ఎండి అట్టకట్టి ఉన్నాయి. నేను పళ్ళెంలో అతనికి అంచు ముక్కలే, తెల్లగా, నీరు లేనివి కోసి పెట్టాను. తిప్పేస్వామి చూసి, “ఎరుపు లేదు, చెల్లదు,” అని కొత్త పళ్ళేలు పెట్టించాడు. ఓబులేసు నా మొహం చూశాడు. తర్వాత కళ్ళు మూసుకుని తిన్నాడు.

వేదిక మీద కమిషనరు గారు, విరూపాక్షయ్య గారు పక్కపక్కన కూర్చున్నారు. ఇద్దరికీ పింఛను వయసు దగ్గర పడింది. ముందు నడవవలసిన వాళ్ళు కాబట్టి ఇద్దరికీ నాలుగేసి పళ్ళేలు. పైన దానిమ్మ రసం. విరూపాక్షయ్య గారు ప్రసంగం మొదలుపెట్టారు. ఫలమే ధర్మమనీ, ధర్మమే ఫలమనీ చాలాసేపు చెప్పారు. ఆ తర్వాత వాక్యాలు పొట్టివయ్యాయి. తర్వాత మాటలు పొట్టివయ్యాయి. కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డారు. చివరికి “అంతియే” అని మైకు తిప్పేస్వామి చేతిలో పెట్టి, షామియానా వెనక నుంచి మాయమయ్యారు.

తిప్పేస్వామి మైకు అందుకుని పని మొదలుపెట్టాడు.

“ఓబులేసు. విశ్రాంత కండక్టరు. మూడో పిలుపు.”

చెప్పులు ఉన్నాయి. మనిషి లేడు. నేను గోడ వైపు పరుగెత్తాను. ఓబులేసు అక్కడే ఉన్నాడు, ఒక చెయ్యి గోడకు ఆనించి. వంటి నిండా చెమట.

“ఓబులేసూ, పిలుస్తాండారు, రా!”

“రాలేను పీరా. మొదలైంది గానీ ముగియలా.”

అతని పక్కన ఇంకొకాయన గోడకు ఎదురుగా నిలబడి ఉన్నాడు. జరీ అంచు కండువా చూస్తే తెలిసింది, విరూపాక్షయ్య గారు.

“సార్,” అన్నాను, “ఈ మనిషిని పిలుస్తాండారు. మీరొక మాట చెప్పండి.”

“ఇప్పుడు మాట్లాడించకుము,” అన్నారాయన, పళ్ళు బిగబట్టి.

ఓబులేసు పక్కకు చూశాడు. “మీకూ అట్లనేనా సార్?”

విరూపాక్షయ్య గారు మొదటిసారి మామూలు మనిషిలా మాట్లాడారు. “నాకు మొదలే కాలేదప్పా.”

నేను మళ్ళీ కిటికీ దగ్గరికి ఉరికాను. తిప్పేస్వామి ఓబులేసు పేరు ఎదుట పెన్ను పెట్టి ఉన్నాడు.

“రాయొద్దు తిప్పేస్వామీ. ఉండాడు. గోడ కాడ ఉండాడు.”

“గోడ కార్యాలయ పరిధిలో లేదు పీరన్నా. ఆడుండేవాళ్ళు బతికుండారో లేదో మాకు తెలీదు.”

“మీ సార్ కూడా ఆడనే ఉండాడు.”

తిప్పేస్వామి పెన్ను ఎత్తాడు. ఏం చేయాలో తోచక, అలవాటు కొద్దీ మైకులో, “శ్రీ విరూపాక్షయ్య గారు. మొదటి పిలుపు,” అన్నాడు.

అప్పటికే వేదిక మీద కమిషనరు గారు లేచి నిలబడ్డారు. మరుగుదొడ్డి ఎక్కడని అటెండరును అడిగారు. అటెండరు గౌరవంగా తీసుకుపోయి, పెద్ద తాళం తీసి, తలుపు తెరిచాడు. లోపల అరల నిండా కళింగర కాయలు. కమిషనరు గారు వాటినీ, అవి ఆయన్నూ కాసేపు చూసుకున్నాయి. ఆ తర్వాత ఆయన రోడ్డు దాటిన వేగం, ఆ వయసులో నేను ఎవరిలోనూ చూడలేదు.

నేను వెనకాలే పోయేసరికి గోడ ముందు ముగ్గురూ వరుసగా ఉన్నారు. మధ్యలో విరూపాక్షయ్య గారు.

“మీరిక్కడ ఏం చేస్తున్నారు?” అన్నారు కమిషనరు గారు, గోడను చూస్తూనే. “నివేదికలో తొంబై శాతం అన్నారే. ఇంతమంది కార్యాలయం వదిలి ఇక్కడెందుకున్నారు?”

విరూపాక్షయ్య గారు ఉద్యోగం తెలిసిన మనిషి, గోడను చూస్తూనే దారి వెతుక్కున్నారు.

“కార్యాలయము వదలలేదు సార్. ఇది కార్యాలయ ప్రాంగణమే. పథకములో భాగముగా ఇంతవరకు విస్తరించితిమి.”

“విస్తరించారా?”

“ఈ గోడ వరకు సార్.”

గోడ నాది. మా నాయన కట్టించినది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ఓబులేసు కండక్టరు గొంతు విప్పాడు. బస్సు చివరి సీటుకు కూడా వినబడే గొంతు అది.

“అట్లయితే నేను ప్రాంగణంలోనే ఉండా గదా సార్? మూడో పిలుపప్పుడు ఈడనే ఉండా. మీ పక్కనే ఉండా. మీరు చూసినారు గదా?”

విరూపాక్షయ్య గారు కమిషనరు గారి వైపు చూశారు. ఓబులేసు వైపు చూశారు. కాదంటే ప్రాంగణం పోతుంది, ప్రాంగణం పోతే తొంబై శాతం పోతుంది.

“చూచితిని,” అన్నారు.

నేను గోడ సంగతి మింగేసి, కమీజు జేబులోంచి పెన్ను తీశాను. ఓబులేసు జేబులో పింఛను కాగితం తడవకుండా ప్లాస్టిక్ సంచిలో ఉంది. అంగడిలోంచి ఒక కళింగర కాయ తెచ్చి, దాని మీద కాగితం పెట్టి పట్టుకున్నాను. విరూపాక్షయ్య గారు పంచె సర్దుకుని, ‘ఈ వ్యక్తిని కార్యాలయ ప్రాంగణమున సజీవముగా, స్వయముగా చూచితిని’ అని రాసి సంతకం పెట్టారు. కాయ గుండ్రంగా ఉండడం వల్ల సంతకం కొంచెం వంకర పోయింది. కమిషనరు గారు కూడా పక్కన సంతకం పెట్టారు. ఆయనకు అప్పటికి ప్రాణం కుదుటపడింది. మనుషుల మీద దయ కలిగే సమయం అది.

పై వారమే ఉత్తర్వు వచ్చింది. నా గోడ కార్యాలయ ప్రాంగణంలో చేరింది. దాని వెనక ఉన్నవాళ్ళు వరుసలో ఉన్నట్టే లెక్క. తిప్పేస్వామికి పొడుగు తీగ మైకు, గోడ మలుపులో ఒక స్టూలు ఇచ్చారు. అతను అక్కడే కూర్చుని పేర్లు పిలుస్తాడు. గోడవైపు మొహం ఉన్నవాళ్ళు వెనక్కు తిరగకుండానే చెయ్యెత్తుతారు. ఆ నెలలో ఒక్కరి పింఛను కూడా ఆగలేదు. మరుగుదొడ్డి తాళం మాత్రం తీయలేదు. పథకం విజయవంతమైందని విరూపాక్షయ్య గారిని రాజధానికి పిలిచి, అన్ని జిల్లాల పండ్లూ ఆయన కింద పెట్టారు.

పింఛను పడిన రోజు ఓబులేసును ఆటోలో కూర్చోబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరు పరీక్షలు చేసి, గ్రంథి పెరిగింది గానీ భయపడవలసినది కాదని, ఇంకా ఆలస్యం చేసి ఉంటే మూత్రపిండాల దాకా పోయేదని చెప్పాడు. మాత్రలు రాశాడు.

“పండ్లు మానేయాల్నా సార్?” అని అడిగాడు ఓబులేసు.

“ఎందుకు మానాలి? ఇష్టమైతే తిను. మందు బదులుగా మాత్రం తినొద్దు. పడుకునే ముందు కళింగర జోలికి పోవద్దు.”

నెల ముగిశాక కూర్చుని లెక్క చూసుకున్నాను. కాయలు అమ్ముడుపోయాయి. మా నాయన గోడ సర్కారుదైంది. అడిగితే, గోడ నాదని నిరూపించుకోవడానికి నేనూ మూడు పిలుపులకు రావాలన్నారు. వాసన అలాగే ఉంది, ఇప్పుడు దానికి ఉత్తర్వు కూడా ఉంది. దేవదానమ్మ టీచరుకు తనకు లేనిదాని మీద ఒక కాగితం మిగిలింది. నిన్న ఓబులేసు అంగడికి వచ్చి, అరటిపండ్ల గెల కింద నిలబడి, పొద్దుగూకేదాకా కదిరి రూటు కబుర్లు చెప్పాడు. ఒక్కసారి కూడా గోడ వైపు పోలేదు. పోయినవన్నీ కొట్టేస్తే నికరంగా మిగిలింది ఒక మనిషి. ఒక గోడకు అది మంచి బేరమే.